180 లీటర్ల ఏరు

ఈ ఏరు పుట్టేది వెన్నెముకకు అటూ ఇటూ, పిడికెడేసి ఉన్న రెండు కిడ్నీల్లో. గుండె నిమిషానికి పంపే దాదాపు 5 లీటర్ల రక్తంలో ఐదో వంతుకు పైగా ఇక్కడికే వస్తుంది. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు. ప్రతి నెఫ్రాన్ మొదట్లోనూ రక్తకేశనాళికల చుట్ట ఒకటి, దాన్ని పొదువుకున్న గిన్నె ఒకటి. ఆ గిన్నెను 1842లో విలియం బౌమన్ వివరించాడు. అది నేటికీ ఆయన పేరుతోనే ఉంది. రక్తపు ఒత్తిడికి నీరు, ఉప్పు, చక్కెర, యూరియా అందులోకి ఊరుతాయి. రక్తకణాలు, పెద్ద ప్రొటీన్లు ఇవతలే ఆగిపోతాయి. అలా రోజుకు ఊరే నీరు 180 లీటర్లు. ఒంట్లో ఉన్న ప్లాస్మా మాత్రం 3 లీటర్లే.

ఆ నీరంతా దిగువకు పోతే మనిషి అరగంట బతకడు. అందుకే పుట్టీ పుట్టగానే మళ్లింపు మొదలవుతుంది. మెలికలు తిరిగిన తొలి నాళంలోనే సోడియం, నీరు మూడింట రెండు వంతులు తిరిగి రక్తాన్ని చేరతాయి. గ్లూకోజైతే దాదాపు పూర్తిగా వెనక్కి వచ్చేస్తుంది. మధుమేహంలో చక్కెర మితిమీరినప్పుడు మాత్రం ఈ గట్టు దాన్ని పట్టలేదు. మిగిలింది మూత్రంలో పడుతుంది, వెంట నీటినీ లాక్కుపోతుంది. షుగరున్నవాళ్ల అతిదాహానికి మూలం ఇక్కడుంది.

అక్కణ్ణించి ఏరు కిడ్నీ లోతుల్లోకి దిగి, మలుపు తిరిగి పైకెక్కుతుంది. 1862లో జేకబ్ హెన్లీ వర్ణించిన వంపు ఇదే. అట్టడుగున చుట్టూ ఉన్న ద్రవం రక్తం కన్నా నాలుగింతలు గాఢం. దిగే పాయ గోడలు నీటిని బయటికి వదులుతాయి. ఎక్కే పాయ గోడలు నీటిని కదలనివ్వవు, ఉప్పును మాత్రం బయటికి తోడేస్తాయి. కాళ్లవాపుకు డాక్టర్లు రాసే ఫ్యూరోసమైడ్ మాత్ర ఆపేది ఈ తోడడాన్నే. బయట పేరుకున్న ఆ ఉప్పు వృథా కాదు. దాని అవసరం దిగువన ఉంది.

ఆ తర్వాతి నాళాల్లో లెక్క సూక్ష్మమవుతుంది. నెఫ్రాన్ తన పుట్టుచోటును తాకుతూ సాగే దగ్గర కొన్ని కణాలు పారుతున్న ఉప్పును కొలుస్తుంటాయి. తగ్గిందంటే రెనిన్ విడుదలవుతుంది. ఆ కబురు అంచెలంచెలుగా అడ్రినల్ గ్రంథిని చేరి ఆల్డోస్టెరాన్‌ను రప్పిస్తుంది. అది సోడియంను లోపలికి తెచ్చి పొటాషియంను బయటికి పంపుతుంది. లీటరు రక్తద్రవంలో పొటాషియం 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది.

చివరి మజిలీ సంగ్రహణ నాళం. ఎండలో కోత కోసినవాడి రక్తం చిక్కబడితే మెదడు ఏడీహెచ్ హార్మోన్‌ను పంపుతుంది. నాళపు గోడల్లో నీటి దారులు తెరుచుకుంటాయి. హెన్లీ వంపు పేర్చిన ఉప్పు నీటిని అటు లాగేస్తుంది. మూత్రం ముదురు పసుపై, కొద్దిగా వస్తుంది. కడుపునిండా నీళ్లు తాగితే ఆ దారులు మూసుకుంటాయి. ఈ దారులను, అంటే ఆక్వాపోరిన్లను, కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది. ఇన్ని మళ్లింపులు దాటి మూత్రాశయానికి చేరేది రోజుకు లీటరున్నర, మహా అయితే రెండు లీటర్లు.

ఈ ఏరు ఎండితే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి తెలుసు. కొబ్బరి, జీడిమామిడి తోటల ఆ పచ్చని సీమలో షుగరూ బీపీ లేని రైతులకు, కూలీలకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. ఏళ్లుగా పరిశోధిస్తున్నా కారణం ఇదీ అని తేలలేదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ; దాన్ని బయటికి పంపే నాళాలు దెబ్బతిన్నాయి కాబట్టి, చేతికందే బొండాం కూడా డయాలసిస్ రోగికి ముప్పే. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు సూదులతో యంత్రం పక్కన పడుకున్నా, రెండు కిడ్నీలు రాత్రింబవళ్లు చేసే పనిలో కొంతే తిరిగి దక్కుతుంది.

కిడ్నీలు చెత్త పారబోస్తాయని చిన్నప్పుడు చదువుకున్నాం. వాటి అసలు గొప్పతనం పారబోయకుండా వెనక్కి తెచ్చే 178 లీటర్లలో ఉంది. సగానికి పైగా నెఫ్రాన్లు పోయినా మిగిలినవి ఆ భారం మోస్తూ నొప్పి తెలియనివ్వవు. కాబట్టి ఒంట్లో బాధ పుట్టేదాకా ఆగకూడదు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు, ఉద్దానం లాంటి చోట్ల ఉన్నవాళ్లు ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి. ఒళ్లునొప్పులకు అడిగిందే తడవుగా కొనుక్కునే బిళ్లలు మానాలి. పోయిన నెఫ్రాన్ మళ్లీ పుట్టదు; ఉన్నవాటిని నిలుపుకోవడం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.