నిమ్మలకుంటలో కాలనేమి

ధర్మవరము పేరు వినగానే పట్టుచీరలు స్ఫురించుట సహజమే గాని, ఆ పట్టణపు మండలములోనిదే యైన నిమ్మలకుంట యను చిన్న గ్రామమునకు నేను పోయినది వస్త్రముల కొఱకు గాదు, ఒక వంచకుని కొఱకు. నేనొక జానపద నవల వ్రాయుచున్నాను. అందొక కుమ్మరివాని కొడుకు మూడడవులు దాటి తల్లికి ఔషధము తేవలసియున్నది. వానికి దారి చూపువాడొకడు కావలెను. ఆ చూపువాడు నమ్మదగినవాడు కారాదు, అయినను వానిని విడిచి ముందునకు పోవుటకు పిల్లవానికి గాని పాఠకునికి గాని మనసొప్పరాదు. వానికి ఒంటికన్ను పెట్టి చూచితిని, కుంటికాలు పెట్టి చూచితిని, చీకటిలో నవ్వు నవ్వించి చూచితిని. పెట్టినకొలది వాడు తానే తన దొంగతనమును చాటింపు వేసికొనుచున్నట్లుండెను. హనుమంతుని త్రోవ తప్పింప వచ్చిన కాలనేమిని తోలుబొమ్మలవారు ఏ రూపమున చెక్కుదురో చూచినచో ఉపాయము తోచునేమో యని బయలుదేరితిని.

నిమ్మలకుంటలో ఈ విద్య నెరిగినవి ఆరె మరాఠీల కుటుంబములు. ఇంటిలో మరాఠీ, తెరవెనుక తెలుగు. పలుకుటకొక భాష, పాడుటకొక భాష. ఈ ఊరివారే యైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము వచ్చినప్పటినుండి బయటివారి రాకపోకలు హెచ్చినవని చెప్పిరి. నేను చూచిన ఇండ్లలో ఆటబొమ్మలకంటె దీపములకు తొడుగు తోలుబుడ్డీలును, గోడకు తగిలించు చిత్రములును అధికముగా తయారగుచున్నవి. రాత్రియెల్ల రామాయణము చూచువారు కరవైనచోట దీపపుబుడ్డీ కొనువాడు అన్నదాత యగుటలో తప్పేమున్నది? బుడ్డీమీద సైతము సీతారాములే వెలుగుచున్నారు. కాకపోతే ఆ వెలుగులో వారు కదలరు, పలుకరు. ఆ కొరత మాత్రము నాకు పూడనిదిగానే తోచినది.

నేనాశ్రయించిన పెద్దాయన వాకిట కూర్చుండి మేకతోలు గీకుచుండెను. వేడినీట నానవేసి, వెండ్రుకలు పోవునట్లు గీకి, బిగలాగి ఆరవేసినపిమ్మట ఆ చర్మము వెలుతురును లోనికి రానిచ్చునంత పలుచనగును. దానిపై రూపము గీసి, నగలకును అంచులకును సన్నని ఉలులతో చిల్లులు తొలిచి, రెండువైపుల రంగు వేసి, భుజము మోచేయి మోకాలు మొదలగు కీళ్లను త్రాటితో కట్టి, నడుమ వెదురుబద్ద నిలిపినచో బొమ్మ సిద్ధమగును. ప్రధానపాత్రలకు ఒక్క బొమ్మ చాలదు. కొలువులోని హనుమంతుడు వేరు, లంకను కాల్చు హనుమంతుడు వేరు. వీనిలో నిలువెత్తు బొమ్మలును కలవు. పగటివేళ చేతబట్టి చూచినప్పుడు అది రంగు వేసిన తోలే. వాకిలివైపు త్రిప్పి ఎండకు అడ్డముగా పట్టినంతనే చిల్లులన్నియు ముత్యములై, ఎఱుపు ఎఱుపుగా, పచ్చ పచ్చగా మండినవి.

"కాలనేమిని చూపండి తాతా" అంటిని.

ఆయన లోనికి పోయి పెట్టె తెరచి, జటలు, గడ్డము, కమండలము గల ఒక మునిబొమ్మను తెచ్చి నా ఒడిలో పెట్టెను. కన్నులయందు క్రౌర్యము లేదు. పెదవిమీద వంకర లేదు. నుదుట విభూతిరేఖలు మాత్రము నిండుగా నున్నవి.

"ఈయన వసిష్ఠుడు గదా?" యని యడిగితిని.

"వసిష్ఠుడూ ఈయనే, విశ్వామిత్రుడూ ఈయనే, కాలనేమీ ఈయనే సామీ. దొంగసామికి వేరే బొమ్మ చేస్తే ఇంగ వాడు దొంగ యాడవుతాడు?"

నేను వెదకుచు వచ్చినది ఆ మాటలో నున్నది. మొదటిరాత్రి ఆ బొమ్మ దశరథుని కొలువులో ధర్మము చెప్పినది. మరునాడు రాముని వెంటబెట్టుకొని అడవిలో నడిచినది. జనులు దానికి నమస్కరించుటకు అలవాటు పడినారు. యుద్ధకాండనాటి రాత్రి అదే జటాజూటము హిమాలయసానువున కనబడినప్పుడు, వాడు రావణుడు పంపిన రాక్షసుడని ఎరిగియు, సభ కొంత తటపటాయించును. కాలనేమికి సొంతముగా విశ్వాసమనునది లేదు. మునుపటి మునులు ఆర్జించి పెట్టిన దానినే వాడు వ్యయము చేయుచున్నాడు. దారి చూపువాని మొగమును మలచుటకై శ్రమపడు రచయిత, వానికంటె ముందు ఆ మార్గమున నడిచిన సత్పురుషుని మలచుకొనుట మేలు.

ఈ కాలనేమి కథ వాల్మీకమున లేదు. అధ్యాత్మరామాయణమునందును, తెలుగువారి రంగనాథరామాయణమునందును కలదు. లక్ష్మణుడు మూర్ఛిల్లియుండగా ఓషధికై పోవు హనుమంతుని ఆలస్యము చేయుటయే వాని పని. అధ్యాత్మరామాయణములో నొక చమత్కారమున్నది: కాలనేమి మొదట రావణునికి హితమే చెప్పును. సీతను విడువుమనును, రాముని భజింపుమనును. ప్రభువు కన్నెఱ్ఱ చేయగా, గత్యంతరము లేక, మునివేషము ధరించును. ఆశ్రమము కల్పించి, శివపూజలో కూర్చుండి, దప్పిగొన్న కపివీరుని ఆదరించి, కమండలమునీరు చాలదనగా సరస్సునకు దారి చూపి, స్నానము చేసి వచ్చినచో ఓషధిని కనుగొను మంత్రము నుపదేశింతు ననును. దాహము నిజము, నీరు నిజము, దారియును నిజమే. అబద్ధమంతయు ఆ నీటిలోని మకరియందున్నది. ఆ మకరిని హనుమంతుడు చీల్చగా, అది శాపము తీరి అప్సరసయై ముని గుట్టు బయలుపెట్టును. పిమ్మట ఆంజనేయుడు తిరిగివచ్చి సమర్పించిన గురుదక్షిణ పిడికిటిపోటు.

"చూసేవాళ్లకి ఏ గుర్తూ ఇయ్యరా?" యని మరల నడిగితిని. ఆయన నవ్వి, బొమ్మను అందుకొని, గోడమీద నీడ పడునట్లు నిలిపెను. వసిష్ఠుడుగా నాడించినప్పుడు ఎదుటివాడు వంగి నమస్కరించువరకు ముని చేయి కదలలేదు. వంగినపిమ్మట మెల్లగా లేచినది. కాలనేమిగా నాడించినప్పుడు చేయి ముందే లేచినది.

"వంగకముందే దీవిస్తాడు. అంతే సామీ. పిల్లోళ్లు కనుక్కోలేరు. ముసిలోళ్లు నవ్వుతారు."

వంచకుని మాటలో గాని రూపములో గాని దోషము లేదు, తొందర యున్నది. అడుగకముందే యుపకారము చేయువాడు, చెప్పకముందే ఆకలి గుర్తించువాడు! నా ఒంటికన్నువాడు ఆ నీడముందు నిలువలేకపోయెను.

మాటలలో పాతాళభైరవి ప్రస్తావన వచ్చినది. 1951లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయావారు తీసిన ఆ చిత్రములో పింగళి నాగేంద్రరావుగారు కల్పించిన నేపాళ మాంత్రికుడు, ఎస్.వి. రంగారావుగారి ఘనమైన విగ్రహముతోడను గంభీరకంఠముతోడను, తోట రాముని గుహాంతరమునకు నడిపించును. వాడు బలి యిచ్చుటకే తీసికొనిపోవుచున్నాడని మనకు ముందే తెలియును. మొగము చూచినను తెలియును. అయినను వాని వెంట పోవుటకు మనకును ఉబలాటమే. ఏలయన వాడు చెప్పిన గుహయు నిజము, దేవతయు నిజము, వరమును నిజమే. అక్కడను స్నానమునకు దిగిన నాయకునిపై మొసలి వచ్చును. అక్కడను ఆ మొసలియే శాపవిమోచనము నొంది నిజము చెప్పును. తెరమీది మాంత్రికుని వెనుక ఈ మునిబొమ్మ నీడ యున్నదని నేననగా, పెద్దాయనకు అందులో వింత యేమియు కనబడలేదు. మా ఆట చూడకుండా సినిమా ఎట్ల తీస్తారు సామీ, యని తోలు గీకుట సాగించెను.

కొంతసేపటికి ఆయనే తల యెత్తి, "మీ కథలో మొసలి ఎవురు?" అనెను.

సత్యము బయటపడుట ఎవరివలన యని ఆ ప్రశ్నకర్థము. వంచకుడు తానుగా పంపిన చోటనే ఆ సత్యము దొరకవలెను. ఆకాశవాణి చెప్పినచో ఆట చప్పబడును. రెండవయడవిలో నొక ముసలిదాని గుడిసె కలదనియు, పిల్లవాడు అలసియున్నాడని నిజమైన జాలితోనే వాడు అచ్చట రాత్రి బస చేయించుననియు, ఆమె మునుపు వాడు తెచ్చిన మరియొక పిల్లవానికిని ఇట్లే అన్నము పెట్టియుండెననియు నేను అక్కడికక్కడే అల్లి చెప్పితిని. ఆయన ఉలి దించి ఆలోచించెను.

"మొదటి పిల్లోడికి యాల చెప్పలేదు ఆమె?"

"వాడామెకు డబ్బిచ్చుచున్నాడు తాతా."

"అట్లయితే ఆమె కూడా మోసగత్తే. మరి రెండో పిల్లోడికి చెప్పేది యాల?"

మొదటివాడు తిరిగి రాలేదు గనుక, నంటిని. వాడు విడిచిన చెప్పులు ఇంకను ఆమె చూరులోనే యున్నవంటిని. ఆయన చాలసేపు తల యూపి, పెట్టెలోని బొమ్మలను ఒకటొకటిగా త్రిప్పి చూచెను: బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు, మంథర.

"దొంగకైతే మన ముని సరిపోతాడు. ఈ ముసిల్దానికి మాత్రం కొత్త బొమ్మ కోయాల్సిందే సామీ. ఇట్లాంటి మొగం నా పెట్టెలో లేదు."