అమ్మీ అడిగిన సవాల్

పోయిన నెల దవాఖానా పని మీద అమ్మీని తీసుకుని హైదరాబాద్ వెళ్లాను. రాత్రికి ఒక లాడ్జిలో దిగాం. కౌంటర్ దగ్గర కుర్రాడు అమ్మీ ఆధార్ కార్డుని ముందూ వెనకా తన సొంత ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. నేను పట్టించుకోలేదు.

గదిలోకొచ్చాక అమ్మీ బుర్ఖా తీస్తూ అడిగింది: "బేటా, నా తస్వీర్, మన ఇంటి పతా, నంబరూ ఆ పిల్లోడి ఫోన్‌లో ఎన్నాళ్లుంటాయిరా?"

నా దగ్గర జవాబ్ లేదు. జిందగీ అంతా పర్దా పాటించిన మనిషి. ఆ కార్డు తీసిచ్చింది నేనే. శరం అనిపించింది.

ఆ రాత్రే ఆధార్ వెబ్‌సైట్ తెరిచి, అమ్మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీతో మాస్క్‌డ్ ఆధార్ దించాను. అందులో 12 అంకెల్లో మొదటి 8 కనిపించవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. 16 అంకెల వర్చువల్ ఐడీ కూడా తీసిపెట్టాను. వెరిఫికేషన్‌లో అసలు నంబర్ బదులు అది ఇవ్వొచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు.

పొద్దున ప్రింట్ చూసి అమ్మీ, "తస్వీర్, పతా అలాగే ఉన్నాయిగా?" అంది. సచ్ బాత్. అవి పోవు. అందుకే కౌంటర్ దగ్గరికెళ్లి, కొత్త కాగితం ఇచ్చి, పాత ఫోటోలు నా కళ్లముందే డిలీట్ చేయించాను. ఝగడా ఏమీ కాలేదు. ఒక్క మాట అడిగితే సరిపోయింది.

అమానత్‌లో ఖయానత్ గునాహ్ అని పిల్లలకి చెప్తాం. ఎవరి చేతిలో ఎంత అమానత్ పెట్టాలో చూసుకోవడం కూడా మన జిమ్మేదారీయే. ముఖ్యంగా మనల్ని నమ్మి కార్డు చేతికిచ్చే పెద్దవాళ్ల విషయంలో.