విత్తనానికి తాళం

మాది సింధనూరు దగ్గర ఒక క్యాంపు. 1953లో తుంగభద్ర డ్యాము నీళ్ళు పారడం మొదలయ్యాక కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు వచ్చి ఇక్కడి నల్లరేగడి కొని వరి వేశారు. మా తాతగారూ వారిలో ఒకరు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. ఈ పత్రిక చదివే చాలా ఇళ్ళలో ఇదే కథ కాబట్టి ఎక్కువ చెప్పను. చెప్పదలచుకున్నది మా నాన్నగారు అడిగిన ఒక ప్రశ్న సంగతి.

నాన్నగారికి విత్తనమంటే ప్రాణం. కోతకు ముందే చేలో తిరిగి మంచి వెన్నులు ఏరి, ఆరబెట్టి, వేపాకు కలిపి అటక మీది కుండల్లో దాచేవారు. పక్క చేను కన్నడ రైతు అడిగితే కొలిచి ఇచ్చేవారు. మరుసటి ఏడు ఆయన మాకు జొన్న విత్తనాలు ఇచ్చేవాడు. మధ్యలో డబ్బు మాటే లేదు.

1998లో నేను బెంగుళూరులో సూక్ష్మజీవుల ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. ఆ నవంబరు చివర్లో మా రాయచూరు జిల్లాలో ప్రయోగానికి వేసిన బీటీ పత్తిని రైతు సంఘం వారు పీకి తగలబెట్టారు. వారం తిరక్కుండా నాన్నగారి ఇన్‌లాండు లెటరు వచ్చింది.

"అమ్మాయ్, టెర్మినేటరు విత్తనమని ఒకటి వచ్చిందట. పండిన గింజ మళ్ళీ మొలవదట. దాని పుప్పొడి పడితే పక్క చేలో గింజలు కూడా మొలవవంటున్నారు. నువ్వు చదివింది ఇదే కదా, నిజమేనా?"

సంక్రాంతికి వెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చుని ఆయనకు పాఠం చెప్పాను. "కాలుస్తున్న పత్తిలో ఉన్నది టెర్మినేటరు కాదు నాన్నగారూ, కాయతొలుచు పురుగును చంపే జన్యువు. పైగా పత్తి పుప్పొడి మన వరికి అంటదు" అన్నాను. అంతటితో ఆగకుండా నా చదువు గొప్ప కూడా చెప్పుకున్నాను.

జన్యువులు మార్చిన సూక్ష్మజీవి సీసాలోంచి తప్పించుకుంటే ఏమిటి గతి అని భయపడింది మొదట శాస్త్రవేత్తలే. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో దాదాపు 140 మంది కూడి దీని మీదే చర్చించారు. గోడలు, తలుపులు చాలవు, ఆ జీవిలోనే కంచె కట్టాలన్నారు. అలబామాలో రాయ్ కర్టిస్ అనే శాస్త్రవేత్త మన పేగుల్లో ఉండే ఇ.కోలి నుంచి ఒక అవిటి రకాన్ని తయారుచేశాడు. దాని పైగోడకు డయామినోపిమెలిక్ ఆమ్లం కావాలి. దాన్ని సొంతంగా తయారు చేసుకునే శక్తి తీసేశాడు. మనం పోస్తేనే బతుకుతుంది, లేకపోతే గోడ కట్టుకోలేక పగిలిపోతుంది. పైత్యరసం తగిలినా తట్టుకోలేదు. బయటపడితే పది కోట్లలో ఒకటికి మించి బతకకూడదని అప్పటి నియమం. అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చి 200 ఏళ్ళయిన సందర్భంగా దానికి కై-1776 అని పేరు పెట్టారు. స్వాతంత్ర్యం పేరు పెట్టుకున్న జీవికి సొంతంగా బతికే స్వాతంత్ర్యమే లేదు! అది ఎంత బలహీనమంటే ప్రయోగశాలలో పెంచడానికే నానా తంటాలు పడ్డారు.

నాన్నగారు అంతా విని చుట్ట ఆర్పారు. "బాగుందమ్మా. నీ సీసాలో పురుగుకి తాళం వేశారు, తాళంచెవి నీ దగ్గరుంది. విత్తనానికి తాళం వేస్తే తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"అవన్నీ రాజకీయాలు నాన్నగారూ" అని లేచిపోయాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఎందుకంటే తరువాత వివరంగా చదివాను. 1998 మార్చిలో డెల్టా అండ్ పైన్ లాండ్ కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి ఆ పేటెంటు వచ్చింది. అమ్మే ముందు విత్తనాన్ని ఒక మందులో నానబెడతారు. అది మొలిచి, పెరిగి, కాపుకొస్తుంది. కాని కొత్త గింజ ముదిరే వేళ లోపలి పిండాన్ని ఒక విషం చంపుతుంది. సమర్థించినవారు దీన్ని కూడా కంచె అనే అన్నారు. గింజ మొలవకపోతే మార్చిన జన్యువు ఊళ్ళమీద పడదు కదా అన్నారు. అదీ అబద్ధం కాదు. నాన్నగారి భయమూ అబద్ధం కాదు. అదే జాతి పంట పక్క చేలో ఉండి పుప్పొడి కలిస్తే, ఆ కలిసిన గింజలు మొలవవు. చచ్చిన గింజ తరతరాలకు పాకదు గాని, దాచుకున్న విత్తనాల్లో కొన్ని తాలుపోయినట్టే. కై-1776 తాళం ప్రపంచాన్ని సూక్ష్మజీవి నుంచి కాపాడేది. ఈ తాళం అదే పని చేస్తూ రైతు కుండకు కూడా పడుతుంది.

గొడవ పెద్దదయ్యాక 1999 అక్టోబరులో మోన్‌శాంటో కంపెనీ ఈ విత్తనాలను మార్కెట్లోకి తేబోమని ప్రకటించింది. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల చట్టం ఇలాంటి జన్యువున్న రకాలకు రిజిస్ట్రేషన్ ఇవ్వరాదంది. రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, పంచుకోవచ్చు అని కూడా రాసింది. టెర్మినేటరు ఏ దేశంలోనూ అమ్మకానికి రాలేదు. అరుగు మీద నాన్నగారు అడిగిన ప్రశ్ననే ఎందరో రైతులు గట్టిగా అడిగారన్నమాట.

కంచె కట్టే పని ఆగలేదు, ఆగకూడదు కూడా. 2015లో హార్వర్డ్, యేల్ విశ్వవిద్యాలయాల వారు ప్రకృతిలో ఎక్కడా దొరకని అమైనో ఆమ్లం ఉంటేనే బతికే ఇ.కోలిని తయారుచేశారు. ఆ వార్త చదివి సంతోషించాను. నాన్నగారు ఉంటే మళ్ళీ తాళంచెవి సంగతే అడిగేవారు. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళయింది.

ఇప్పుడు పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు రెండు ప్రశ్నలు రాయిస్తాను. ఇది బయటపడితే బతుకుతుందా? తాళంచెవి ఎవరి దగ్గరుంది? మొదటిది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది. రెండోది మా అరుగు మీద నేర్చుకున్నది.

పోయిన పండక్కి అటక దులిపితే ఒక కుండలో గుప్పెడు వడ్లు దొరికాయి. తడిగుడ్డలో మూటకట్టి చూశాను. ఒక్కటీ మొలవలేదు. వాటికి ఎవరూ తాళం వేయలేదు. ఏటా తీసి చల్లేవారు లేక పోయాయి. మీ ఇళ్ళలో అలాంటి కుండ ఏదైనా ఉంటే, ఈ ఏడే ఒకసారి దింపి చూడండి.