శరత్కాలమున బెజవాడ, కొండపల్లి

ఋతువు లాఱింటిలో గృహిణులకు ఊపిరి సలుపనీయనిది శరత్తు. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు కలశము నిలిపినది మొదలు, మార్గశిర శుద్ధ పాడ్యమినాడు పోలిస్వర్గపు దీపములను నీట విడుచువఱకు చేయి ఖాళీ యుండదు. నవరాత్రములలో దినమున కొక నైవేద్యము, విజయదశమికి జమ్మిపూజ, పున్నమ దాటిన మూడవనాడు అట్లతద్ది, అమావాస్యకు దీపావళి, కార్తిక శుద్ధ చవితికి పుట్టలో పాలు, ద్వాదశికి తులసికోటలో ఉసిరికొమ్మ, పున్నమకు 365 వత్తులు. ఈ నడుమనే వానకాలమున చెమ్మపట్టిన పప్పులను ఎండబోయవలెను, అటుకమీది యిత్తడి దింపి చింతపండుతో తోమవలెను, వచ్చిన చుట్టములకు పక్కలు వేయవలెను. పండుగ యందఱిదియే, పని మాత్రము వంటయింటిది. ఇది యెఱుగని సోదరి యుండదు.

మా యూరు గుడివాడకు సమీపము. ఇంట పదిమందిమి. మావారు ఉపాధ్యాయులగుటచేత, దసరా సెలవులలో తప్ప కుటుంబమంతయు కలసి కదలుటకు వీలుపడదు. ఆ సెలవులలో రెండుమూడు దినములు బెజవాడలో మా పెద్దవదినెగారి యింట నుండి, కనకదుర్గమ్మను దర్శించి వచ్చుట మా కాచారము. 2024వ సంవత్సరమున మాత్రము ఈ ప్రయాణమునకు ముందు మాలో మేము చాలదూరము తర్కించుకొంటిమి. మా వదినెగారి యిల్లు సింగునగరు పక్కన నున్నది.

ఆ సంవత్సరము సెప్టెంబరు మొదటి తేదీన ఆ ప్రాంతమున కేమి జరిగినదో పాఠకురాండ్రకు జ్ఞప్తియందుండును. మైలవరపు కొండలవైపునుండి దిగివచ్చి, బెజవాడ ప్రక్కగా పాఱి, కొల్లేటిలో కలియు చిన్న యేఱు బుడమేరు. వేసవిలో దానిని పిల్లలు దాటుదురు. పొంగినప్పుడు దాని నీటిని వెలగలేరు వద్ద మళ్లించి, కాలువగుండ ఇబ్రహీంపట్నము చెంత కృష్ణలో కలుపుటకు ఏర్పాటున్నది. కాని ఆ దినములలో కృష్ణయే నిండుగ నుండెను. ప్రకాశము బ్యారేజి వద్ద సెకనుకు 11 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు పాఱెను. పెద్దనదియే త్రోవ యీయనప్పుడు చిన్నయేఱు ఎక్కడికి పోవును? మళ్లింపుకాలువ గట్టునకు గండ్లు పడినవి. నీరు పల్లపు పేటలపై బడినది. మా వదినెగారి కుటుంబము మూడు రాత్రులు డాబామీద గడపినది. పాలు పడవలో వచ్చినవి. అన్నపుపొట్లములు డ్రోనులనుండి దిగినవి. పెండ్లిచీరలు, పిల్లల పుస్తకములు, బియ్యపుబస్తాలు, అన్నియు క్రింద నీటిలో నుండినవి.

ఇట్టి యింటికి నెల తిరుగకుండ పండుగ కని పదిమంది పోవచ్చునా? పోవుట భారము; పోకుండుట అంతకన్న భారము. తుదకు మా యత్తగారు, "చుట్టములవలె పోయినచో తప్పు. పనికి పోవుదము" అని తీర్మానించిరి. బియ్యము, పప్పు, పచ్చళ్లు, రెండు చీపురుకట్టలు, బట్టసబ్బుల పెట్టె కట్టుకొని రైలెక్కితిమి.

గుడివాడ దాటిన తరువాత ఇరుప్రక్కల వరిచేలు పొట్టదశలో పచ్చగ నుండెను. ఈ పచ్చదన మంతయు కృష్ణ కాలువలదే. 1855లో పూర్తియైన ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానమున 1957లో ప్రకాశము పంతులుగారి పేర బ్యారేజి వెలసినది. దానికి 70 తలుపులు. దానినుండి సుమారు 13 లక్షల ఎకరములకు నీరందును. మన గరిసెలు నింపు నీరును, మా వదినెగారి యింట జొచ్చిన నీరును ఒక్క వానలోనివే యని తలచినప్పుడు మనస్సునకు ఏదోవిధముగా నుండెను.

ఇల్లు చేరితిమి. గోడలకు ఛాతియెత్తున బురదగీత యొకటి సరిగ దారము పట్టి గీచినట్లుండెను. వీథియంతట నదే యెత్తున నదే గీత. వదినెగారు మమ్ముజూచి ఏడువలేదు, నవ్వనులేదు. "వచ్చితిరా, కూర్చుండుటకు చాపయైన లేదు" అనిరి. ఆ దినము కూర్చుండువా రెవ్వరు? మగవారు గోడలు కడిగిరి, మేము అలమరలు కడిగితిమి, పిల్లలు తడిసిన పుస్తకముల పుటలు విడదీసి తీగెలపై వేసిరి.

మూలానక్షత్రమునాడు, అనగా అక్టోబరు 9వ తేదీన, తెల్లవాఱకమునుపే కొండకు బయలుదేఱితిమి. ఆ దినమున అమ్మవారికి సరస్వత్యలంకారము. అర్జునుడు తపస్సుచేసి పాశుపతము గొన్న చోటు ఈ యింద్రకీలాద్రియేనని స్థలపురాణము. విజయుని పేరనే విజయవాడ యైనదని చెప్పుదురు. బాలాత్రిపురసుందరితో నారంభమై, దశమినాడు రాజరాజేశ్వరితో ముగియు నలంకారములలో, బడిపిల్లలున్న తల్లులందఱు కోరునది ఈ మూలానక్షత్రపు దర్శనమునే. వరుసలో మాముందు నిలిచిన తల్లులలో పెక్కండ్రు వరదపేటలవారే. ఒకామె చేతిలో నీట నాని యుబ్బి, యెండి గట్టిపడిన ఎక్కములపుస్తక మొకటి యుండెను. దానిని అమ్మవారికి చూపి తిరిగి కొంగున జుట్టుకొనెను. ఆమె యేమి కోరెనో మేమడుగలేదు. అడుగ నక్కఱయు లేదు.

దర్శనమైన పిమ్మట కొండమీదినుండి క్రిందికి జూచితిమి. శరత్తున నదులు తేరుట కవిసమయము. ఆ యేడు కృష్ణ యింకను ఎఱ్ఱగనే యుండెను. నన్నయభట్టారకుని భారతరచన అరణ్యపర్వమున శరద్రాత్రుల వర్ణనతో నాగిపోయినది. మూడువందల యేండ్లకు ఎఱ్ఱాప్రగ్గడ దాని నందుకొన్నప్పుడు, మఱల శరద్వర్ణనమునే యెత్తుకొని ముందునకు సాగించెను. చిన్ననాడు మా తండ్రిగారు ఈ సంగతి చెప్పినప్పుడు మాకది కవులముచ్చటగ మాత్రమే తోచెను. తెగినచోటనే ముడివేయుట ఎంతటి పనియో ఆనాడు కొండమీద తెలిసినది.

ఇంటికి వచ్చిన తరువాత మా చిన్నమ్మాయి, "అత్తయ్యా, కొలువు పెట్టలేదేమి?" అని యడిగెను. వదినెగారు మాఱుపలుకక, పెరటినుండి యినుపపెట్టె యొకటి తెచ్చి మూత తీసిరి. మా యత్తగారు కాపురమునకు వచ్చినప్పుడు తెచ్చుకొని, పిమ్మట కూతునకు సారెలో నిచ్చిన కొండపల్లి బొమ్మలవి. అంబారీ యేనుగుకు తొండ మూడినది. దశావతారములలో కూర్మమునకు రంగు లేదు. వామనునకు గొడుగు లేదు. ఎడ్లబండి చక్రములు వేఱై యడుగున పడియున్నవి. "పాఱవేయుటకు చేతులు రాలేదు. పెట్టుటకు మనసు రాలేదు. ఈ యేటికి కొలువు వలదు" అనిరి. మా యత్తగారు పెట్టె తమ యొడిలోనికి లాగికొని, "పుట్టినయూరు పదిక్రోసులైన లేదు కదా, తీసికొని పోవుదము" అనిరి.

ఆ మధ్యాహ్నమే కొండపల్లి పోయితిమి. ఊరి కొండపై పదునాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజులనాడు వెలసిన కోట యున్నది. క్రింద బొమ్మల కాలనీ. ఈ శిల్పులు తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని చెప్పుకొందురు. చుట్టునున్న కొండలలో పెరుగు తెల్లపొణికి కఱ్ఱ వీరికి జీవనాధారము. అది మిక్కిలి తేలిక, మెత్తన. ఉలికి వెన్నవలె లొంగును. కఱ్ఱను ముందుగ వేడిచేసి తేమ పోగొట్టుదురు. పిదప బొమ్మ యంగములను వేఱువేఱుగ చెక్కి, చింతగింజలపొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికింతురు. అరగదీసి, సున్నము పూసి, తుదకు రంగులు వేయుదురు. ఒక యింటిలోనే యొకరు చెక్కుచుండగా మఱియొకరు రంగు వేయుట చూచితిమి. సన్నని కుంచెతో కన్నులు దిద్దుచున్నది ఆ యింటి కోడలు.

పెట్టెలోని బొమ్మల నొక్కటొక్కటిగ చేతబట్టి చూచి ఆ యింటి పెద్ద యిట్లనెను: "అమ్మా, విడిపోయినది మక్కు, కఱ్ఱ కేమియు కాలేదు. నీడను ఆరబెట్టి మంచిపని చేసితిరి. ఎండలో పెట్టియుండినచో నెఱ్ఱెలు విచ్చును." ఏనుగు తొండము, బండిచక్రములు, చాలవఱకు అవతారములు తిరిగి అతుకవచ్చునని చెప్పెను. వామనుని గొడుగు మాత్రము క్రొత్తగా చెక్కవలెను. "కన్నులు పాతవే యుంచవలెనా, క్రొత్తవి దిద్దవలెనా?" అని కోడలు అడిగెను. వదినెగారు ఆలోచించి, "చెఱగినవానికి దిద్దుము. ఉన్నవానిని కదపకుము" అనిరి. వరద తరువాత ఆమె తన యింటిసంగతి యొకటి తానుగా నిర్ణయించుట మేము చూచినది అప్పుడే.

పనికి రెండువారములు పట్టునన్నారు. అందుచేత ఆ కొలువునకు పాతబొమ్మ లందవు. తిరిగివచ్చునప్పుడు క్రొత్తబొమ్మ నొక్కదానిని, నీళ్లబిందె నెత్తిన బెట్టిన పడుచును, మా యత్తగారు కొనిరి. "ఇదేమమ్మా, మఱల నీళ్లేనా!" అని వదినెగారు నవ్విరి. ఆ నవ్వుతో బండిలో నున్నవారమందఱమును నవ్వితిమి.

మఱునాటి సాయంకాలము మూడు పీటలు మెట్లుగ పేర్చి, పైన మా పంచె యొకటి పఱచి, నడుమ కలశమును, ప్రక్క ఆ బిందెపడుచును పెట్టితిమి. మెట్లు బోసిగ నుండెను. పేరంటమునకు పిలువగా వీథిలోని స్త్రీలు వచ్చుచు, తమతమ యిండ్లలో మిగిలినవానిని తెచ్చిరి: ఒకరు చేయి విఱిగిన మట్టి శ్రీకృష్ణుని, ఒకరు ఏటికొప్పాక లక్కపిడతను, ఒకరు ప్లాస్టిక్కు రైలుబండిని, ఒక ముదుసలి తన యింట దక్కిన పసుపుకుంకుమల భరిణెను. మెట్లు నిండినవి. సెనగలు పంచితిమి, హారతి పాడితిమి. ప్రతి యింటి కథయు ఆ రాత్రి బయటపడినది. అంతవఱకు ఎవరి దుఃఖము వారి తలుపువెనుక నుండెనట. కొలువు వారిని ఒక్కచోట కూర్చుండబెట్టినది.

ఇల్లు తెఱపి యగువఱకని వదినెగారి కుమార్తెల నిద్దఱిని మాతో తెచ్చుకొంటిమి. అట్లతద్దికి వారికి గోరింటాకు రుబ్బిపెట్టి, తెల్లవాఱుజామున లేపి, గోంగూరపచ్చడితో పెరుగన్నము పెట్టితిమి. వేపచెట్టు ఉయ్యాల ఊగి, పగలంతయు ఉపవసించి, చంద్రుని జూచి గౌరికి అట్లు నివేదించి, 11 అట్లు వాయన మిచ్చిరి. దీపావళికి వదినెగారే వచ్చిరి. బాగుపడిన బొమ్మలపెట్టె చంకబెట్టుకొని వచ్చిరి! పిల్లలు గోగుకఱ్ఱలకు నూనెవత్తులు కట్టి దివ్వెలు త్రిప్పుచుండగా, వామనుని క్రొత్తగొడుగును మా యత్తగారు దీపమునకు దగ్గఱగ బట్టి చూచి, "పాతదానికన్న కొంచెము పెద్దది. మంచిదే" అనిరి.

సోదరీమణులకు రెండు మాటలు. కొండపల్లి బొమ్మకు భౌగోళికసూచిక గుర్తింపు వచ్చి చాలయేండ్లయినది. కాని గుర్తింపు కొలిమిలో కఱ్ఱ పెట్టదు. పొణికిచెట్టు పెరుగుటకు కాలము పట్టును, అడవిలో తఱిగిపోవుచున్నది. ఏటి కొక్క బొమ్మ కొన్నను, విఱిగినదానిని బాగుచేయించుకొన్నను, ఆ యింటి కోడలి కుంచె యాడుచుండును. తడిసిన కొయ్యబొమ్మను ఎండబెట్టకుడు. నీడను, గాలి తగులుచోట ఉంచుడు. ఇక రెండవమాట. పండుగపని యెక్కువైనప్పుడు మనము విసుగుకొందుము, అది సహజము. పని పంచుకొనువారున్న విసుగు తగ్గును. ఆ యేడు గోడలు కడిగిన మగవారు కార్తిక వనభోజనమునకు ఉసిరిచెట్టుక్రింద తామే వడ్డించి, ఆడువారిని ముందు కూర్చుండబెట్టిరి. ఈ యాచారమును మా యింట నిలుపుకొనుచున్నాము. మీ యిండ్లను కూడ ప్రారంభమగుగాక!