కాగితం మీద సానుభూతి

మానసిక అనారోగ్యం గురించి కుర్రకారు లోలోపల ఏమనుకుంటున్నారో నేరుగా అడిగితే తేలదు. 'డిప్రెషన్ ఉన్నవారికి చికిత్స కావాలా?' అంటే కాదనేవారు అరుదు. ఏ జవాబు మర్యాదో బడే నేర్పింది.

సింగపూర్‌లో ఆంగ్ మో కియోకు కాస్త తూర్పున, బువాంగ్‌కాక్‌లో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఒక ఉపాయముంది. మానసిక జబ్బు అనగానే తట్టే మాటలేమిటని 14–18 ఏళ్ల 940 మందిని అడిగారు. 44.5 శాతం మంది చెప్పినవి కించపరిచే మాటలే. ఆ జబ్బు తమకే ఉందని తేలితే ఎంతో సిగ్గుపడతామన్నవారు 46.2 శాతం.

ఆ ఆసుపత్రి పాత పేరు వుడ్‌బ్రిడ్జ్. పేరు మార్చి దశాబ్దాలైనా, హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరులాగే అది ఇక్కడ వెక్కిరింతగా మిగిలింది. ఇక్కడి తెలుగు పిల్లలకు ఇంట్లో ఒక పేరు, బయట మరో పేరు వినబడే అవకాశముంది. అసలు వైఖరి దాగేది ఇలాంటి వేళాకోళాల్లోనే.

మరింత లోతుకు వెళ్లేది 1998లో మనస్తత్వవేత్త ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ బృందం ప్రకటించిన పరీక్ష. తెరపై కనిపించే మాటలను రెండు మీటలతో చకచకా వేరుచేయాలి. ఒకసారి మానసిక జబ్బుకూ 'చెడు'కూ ఒకే మీట, మరోసారి మానసిక జబ్బుకూ 'మంచి'కీ. రెండో జత దగ్గర చెయ్యి ఎన్ని మిల్లీసెకన్లు తడబడిందన్నదే కొలత. అమెరికాలో బెథనీ టీచ్‌మన్ బృందం 2006లో చూస్తే, జబ్బు నిర్ధారణ అయినవారిలోనూ ఆ తడబాటు కనిపించింది. అయితే ఒకే మనిషి రెండోసారి రాస్తే ఫలితం మారవచ్చు. గుంపు సగటుకు పనికొస్తుంది కానీ, ఫలానా పిల్లవాడి మనసు ఇదీ అని దీంతో తీర్పు చెప్పడం అన్యాయం.

సాయం కోరడాన్ని కొలవడం ఇంకా చిక్కు. ఫిషర్, టర్నర్ అనే పరిశోధకులు 1970లో 29 వాక్యాల కొలమానం తయారుచేశారు. 1995లో దాన్ని 10 వాక్యాలకు కుదించారు. ఇలాంటి కొలమానం సిగ్గునూ ముందుజాగ్రత్తనూ విడదీయలేదు. సింగపూర్‌లో ఆత్మహత్యాయత్నం నేరం కాకుండా పోయింది 2020 జనవరి 1న. ఉద్యోగ దరఖాస్తులో మానసిక ఆరోగ్య వివరాలు అడగడం వివక్ష అని మార్గదర్శకాలు చెప్పిందీ ఆ నెలలోనే. అంతకుముందు సాయం కోరడానికి వెనకాడిన కుర్రాడిది ఉత్త సిగ్గు అనలేం.

నడవడిక చూడటం మరో దారి. 2009లో మొదలైన 'చాట్' అనే యువజన మానసిక ఆరోగ్య సేవ, ఆసుపత్రి ఆవరణలో కాక ఆర్చర్డ్ రోడ్డు దగ్గరి మాల్‌లో చోటు చూసుకుంది. అలాంటిచోటికి తమంతట తాము వచ్చేవారెందరో, అమ్మానాన్నలు తీసుకొస్తే వచ్చేవారెందరో లెక్కిస్తే ప్రశ్నాపత్రంలో దొరకని జవాబు కొంత దొరుకుతుంది.