కీచుమంటే వినాలి

బెంజిసర్కిల్ దగ్గర బ్రేకు వేసినప్పుడల్లా కారు కీచుమంటోంది. 'వానకి డిస్కు తుప్పు పట్టుంటుందిలే' అనుకున్నాడాయన. తుప్పయితే నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోవాలి. వారమైనా పోలేదు. పాటల సౌండు పెంచాడు.

'పిల్లలెక్కే బండండీ, ఒక్కసారి చూడండి' అంది భార్య.

ఆదివారం వెనక చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, జాకీ ఎత్తి, స్టాండు మీద నిలిపి ముందు చక్రం విప్పాడు. బ్రేకు ప్యాడు 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయాలి. ఇక్కడ 2 మిగిలింది. దాని అంచునున్న ఇనుపరేకు డిస్కును గీరుతోంది. ప్యాడు అరిగిందని చెప్పడానికే ఆ రేకు పెడతారు!

మర్నాడు ఆటోనగర్ నుంచి కొత్త ప్యాడ్లు తెచ్చి రెండువైపులా మార్చాడు. బండి కదిపేముందు, పెడల్ గట్టిపడేదాకా నొక్కాడు.

సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద 'పాటలు పెట్టరా?' అందామె.

'వద్దులే. కాసేపు బండి మాట విందాం.'