విత్తనాల బిల్లు అడిగినట్టే, డాక్టరును కాగితం అడగండి

ఎప్పుడూ పత్తి రేటు, యూరియా లైన్ల గురించి రాసేటోన్ని, ఇయ్యాల నా ఇంటి సంగతి రాస్తున్న. నవ్వేటోళ్లు నవ్వుకోండి. కానీ మీ వాడకట్టులో కూడా ఇట్లాంటి పిల్లలు ఉంటరు. వాళ్ల కోసమన్నా చివరిదాకా చదవండి.

నాకు ఇద్దరు పిల్లలు. పెద్దబిడ్డకు పెండ్లయింది. రెండో సంతానాన్ని కొడుకని పెంచినం. ఇరవై ఒక్కేండ్లు వచ్చినంక ఒకరోజు వాళ్లమ్మకు చెప్పింది, 'చిన్నప్పటి సంది నేను ఆడపిల్లనే అమ్మా' అని. నేను కొట్టలేదు, తిట్టలేదు. అంతకన్న పెద్ద తప్పే చేసిన. జిల్లా కేంద్రంలో డాక్టరు దగ్గరికి తోలుకపోయి 'వీన్ని బాగు చేయండి సార్' అన్న.

ఆ డాక్టరు పిల్ల దిక్కు చూడనే లేదు. అన్నీ నాతోనే మాట్లాడిండు. 'పెండ్లి చేయండి, సక్కగయితడు' అని నిద్ర గోలీలు రాసిండు. ఆర్నెల్లు పిల్ల తినుడు, పండుకునుడు. నేనేమో మందు పనిచేస్తుందనుకున్న.

తర్వాత పిల్లే తెలుసుకొని హార్మోన్ల డాక్టరు దగ్గరికి పోదామన్నది. ఈసారి వాళ్లమ్మ వెంట పోయింది. 'తల్లిదండ్రుల సంతకం తెండి' అన్నడు, తెచ్చిండ్రు. 'కలెక్టర్ సర్టిఫికెట్ కావాలె' అన్నడు, దానికి రెండు నెలలు పట్టింది. 'ఇంకో మానసిక డాక్టరు కాగితం' అన్నడు, అదీ తెచ్చిండ్రు. ఆఖరికి 'ఇట్లాంటి కేసులు మేం చూడం' అన్నడు. పాసుబుక్కు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినోళ్లకు ఈ తిప్పుడు ఏందో నేను చెప్పాల్సిన పని లేదు. చూడనని మొదటిరోజే చెప్తే ఏం పోయింది?

ఇగ అప్పటి నుంచి పిల్ల మాకేం చెప్పలేదు. ఎవరో దోస్తు చెప్తే, మెడికల్ షాపులో పిల్లలు పుట్టకుండా వాడే గోలీలు కొని మోతాదు లేకుండా మింగింది. మిరప ఏరేటప్పుడు ఒకనాడు పిక్క వాచి నడవలేకపోయింది. రాత్రికి రాత్రి ఆటోలో దవాఖానకు తీసుకపోయినం. స్కానింగ్ చేస్తే కాలి నరంలో రక్తం గడ్డకట్టిందన్నరు. అది ఊపిరితిత్తులకు పోతే ప్రాణమే పోయేదట. డ్యూటీ డాక్టరు కోపంగ 'ఈ గోలీలు నీకు ఎవరు రాసిచ్చిండ్రు?' అన్నడు.

'ఎవరూ రాయలేదు సార్, అందుకే' అన్నది.

ఆ మాటకు ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఏఈఓ చేను దిక్కు రాకపోతే మనం దుకాణమాయన చెప్పిన మందే కొడతం కదా. పంట మాడితే తప్పంతా మనదే అంటరు. నా బిడ్డదీ అదే కథ.

కాలు నయమైనంక ఇంకో డాక్టరు దగ్గరికి ఈసారి నేనే పోయిన. ఆయన కూడా 'ఇవన్నీ ఎందుకయ్యా' అని మొదలుపెట్టిండు. అప్పుడు విత్తనాల షాపులో అడిగినట్టే అడిగిన. 'సార్, చూడనంటే చూడనని, ఎందుకు చూడరో చీటీ మీద రాసియ్యండి. రిపోర్టుల నకలు కూడా ఇయ్యండి.' కొంచెంసేపు నా మొహం చూసిండు. ఆఖరికి గడ్డకట్టిన సంగతంతా వివరంగా రాసి హైదరాబాద్‌లో హార్మోన్ల డాక్టరుకు పంపిండు. అక్కడి డాక్టరమ్మ నాతో కాదు, నా బిడ్డతో మాట్లాడింది. ముందు గడ్డకు వైద్యం చేసి, తర్వాత గోలీలు వద్దని చర్మానికి రాసే జెల్ ఇచ్చింది. మూడు నెలలకోసారి రక్తపరీక్ష.

మీకు పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్తా, గుర్తుపెట్టుకోండి.

ఒకటి. ఆపరేషన్ చేయించుకుంటేనే ఆడ, మగ అని గుర్తిస్తం అనడం చట్టవిరుద్ధమని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు చెప్పింది.

రెండు. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం ప్రకారం వైద్యం నిరాకరించడం వివక్ష కిందికే వస్తది. హార్మోన్ వైద్యం, ఆపరేషన్ సౌకర్యం ప్రభుత్వం కల్పించాలని కూడా అదే చట్టంలో ఉన్నది.

మూడు. 'మార్చేస్తం, బాగు చేస్తం' అని చేసే వైద్యం డాక్టరు వృత్తికే తప్పని 2022లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. ఫిర్యాదు కౌన్సిల్‌కే ఇయ్యాలె.

నాలుగు. రోగి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇయ్యాలె. పద్దెనిమిదేండ్లు నిండినోళ్ల వైద్యానికి అమ్మానాన్నల సంతకం అక్కర లేదు.

డాక్టర్లందరూ ఒక్కతీరు అంటలేను. మానసిక డాక్టరు చూసుడు తప్పు కాదు, రక్తపరీక్షలు తప్పు కాదు. పరీక్ష చేసుడు వేరు, కాగితాల పేరుతోని వెళ్లగొట్టుడు వేరు. 2022లో ఉస్మానియా దవాఖానలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు డాక్టర్లుగా చేరిండ్రు, రుత్ జాన్ పాల్, ప్రాచీ రాథోడ్. ప్రాచీ చదివింది మన ఆదిలాబాద్ రిమ్స్‌లోనే. ఆ పేర్లు చదివిన రోజు నా బిడ్డ కడుపునిండా అన్నం తిన్నది.

ఇప్పటికీ దవాఖాన లైన్లో పాత పేరుతోనే పిలుస్తరు. అందరూ తిరిగి చూస్తరు. అందుకే నేను పని ఇడిసిపెట్టి వెంట పోతున్న. మొదటిరోజు నేను డాక్టరు పక్కన కూసున్న. ఇప్పుడు నా బిడ్డ పక్కన కూసుంటున్న. బిడ్డా అని పిలవడానికి నాకు రెండేండ్లు పట్టింది. మీరు అంత ఆలస్యం చేయకండి.

ఎవరికన్నా అవసరముంటే ఇన్‌బాక్స్‌లో అడగండి. పేరు బయటపెట్టను. నాకు తెలిసింది చెప్తా.